కంసాలి పిట్ట గుమ్మం

చెట్లకు పట్టే పురుగుల సంగతిలో హనుమయ్యకు ఎదురు చెప్పే మొనగాడు ఈ చుట్టుపక్కల పుట్టలేదు. ఆ మాట అన్నదీ హనుమయ్యేలెండి! నూజివీడు వైపు నలభై ఏళ్లు మామిడితోటలు చేసి, మోకాళ్లు మొరాయించాక ఇబ్రహీంపట్నంలో డాబా కట్టుకున్నాడు.

అలాంటివాడికి పెరట్లో మునగచెట్టు కింద చెక్కపొట్టు, పైన ఎండుకొమ్మ అడుగున గుండ్రటి బొక్క కనబడితే ఇక ఆలోచించే పనేముంది? కాండం తొలిచే పురుగే! తోటలో అయితే పెట్రోలులో ముంచిన దూది కూరి, పైన మట్టి మెత్తేవాడు. "కూరకు కోసుకునే చెట్టుకి పెట్రోలేంటండీ!" అని భార్య సంపూర్ణమ్మ కసిరింది. దాంతో దూది మానేసి, వెదురుగడ చివర బంకమట్టి ముద్ద పెట్టి, కింద నుంచే బొక్క మూసేశాడు.

చేతులు కడుక్కున్నాడో లేదో, మేడమీద అద్దెకుండే టీచరు మార్త కేకపెట్టింది.

"బాబాయిగారూ! పిట్ట గూడు మూసేశారండీ! లోపల పిల్లలున్నాయి!"

"పిట్టేంటమ్మా, పురుగు! నాకే చెబుతున్నావా?"

"ఒక్కసారి పైకొచ్చి చూడండీ!"

గొణుక్కుంటూ మెట్లెక్కి, వరండాలో నిలబడిపోయాడు. స్టూలెక్కి చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఆ కొమ్మ. దాన్ని పట్టుకుని పిచ్చుక కంటే కాస్త పెద్ద పిట్ట. ఆకుపచ్చ ఒళ్లు, నుదుట ఎర్రటి బొట్టు, పసుపు పూసుకున్నట్టు గొంతు, ముక్కు చుట్టూ మీసాలు! "కంసాలి పిట్టండీ" అంది మార్త. ఎండాకాలం టుక్కు టుక్కుమంటూ సుత్తి దెబ్బలు వినిపించే కంసాలి పిట్ట ఇదా? ఇన్నేళ్లూ ఆ చప్పుడు వింటూ కునుకు తీశాడే గానీ, దాని మొహం ఏనాడూ చూడలేదు. నోట్లో జువ్విపండు వదలకుండానే అది మట్టిని పొడుస్తోంది.

"మొగుడూ పెళ్లామూ వంతులేసుకుని తొలిచాయండీ. వాన పడకుండా గుమ్మం కింది వైపు పెట్టుకున్నాయి చూడండి. అంతా ఆ బుల్లి ముక్కుతోనే!" అంది మార్త.

హనుమయ్యకు తన తోటలు గుర్తొచ్చాయి. తోటలో తను మూసిన బొక్కలన్నీ పురుగులవేనా?

గడతో పొడిస్తే మట్టి లోపలికే పోతుంది. కొమ్మను లాగితే పుటుక్కున విరుగుతుంది. మార్త స్టూలు పట్టుకుంటే ఎక్కి, పిట్టగోడ మీదుగా వంగి, తడివేళ్లతో మట్టిని కొంచెం కొంచెంగా గిల్లాడు. లోపల చడీచప్పుడూ లేదు. "స్వామీ, నా మొండితనానికి వాటి ప్రాణం తియ్యకు" అని పైకే అనేశాడు.

చివరి పెళ్ల ఊడింది. ఊడీ ఊడగానే లోపలి నుంచి ఓ ముక్కు దూసుకొచ్చి వేలు పొడిచింది. జంటలో రెండోది! పిల్లల్ని కాచుకుని లోపలే ఉంది.

"ఓర్నీ! బతికే ఉన్నావే!" అని హనుమయ్య కళ్లనీళ్లతో నవ్వాడు. ఇంకోసారి పొడిచింది. ఆయన చెయ్యి తియ్యలేదు.

"రక్తం కారుతోంది, దిగండి బాబాయిగారూ!"

"పొడవనీ అమ్మా. తోటలోవాటికి నేను ఈ అవకాశం కూడా ఇవ్వలేదు."