మైకులో వదిన గొంతు

మా వదిన ఇంట్లో మాటల పుట్ట. గడప దాటితే మూగనోము పట్టినట్టు ఉండేది. ఈ దేశం వచ్చిన కొత్తలో సంగతి ఇది.

అన్నయ్యా నేనూ ఆమెకంటే ముందే వచ్చాం. అన్నయ్య ఒక గోడౌన్‌లో సరుకు పెట్టెలు ఎక్కించే పనిలో కుదిరాడు. నేను బేకరీలో పిండి కలుపుతాను. ఇక్కడి భాష మాకు వచ్చీరాకుండానే అయినా కొంత అబ్బింది. వదినకి ఒక్క ముక్క తెలియదు. అందుకని ఎవరేం అడిగినా తల ఊపడం అలవాటు చేసుకుంది. సంచి కావాలా అని కొట్లో అడిగితే ఊపేది, అక్కర్లేదా అని అడిగినా ఊపేది. అలా ఊపుతూనే ఒకరోజు జుట్టు చివర్లు సమం చేయించుకుందామని వెళ్ళి, నడుం దాకా ఉన్న జడని మెడ దాకా కత్తిరించుకుని తిరిగొచ్చింది. తలుపు తీసిన అన్నయ్య గడియ మీద చెయ్యి అలాగే ఉంచి ఆమె మెడ వైపు చూశాడు.

"బాగుంది కదండీ? తల తేలిగ్గా ఉంది" అని వదినే ముందు అనేసి, స్నానాల గదిలోకి వెళ్ళి కుళాయి తిప్పింది. నీళ్ళ చప్పుడు చాలాసేపు వినిపించింది. బయటికొచ్చాక కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మేము చూడనట్టే ఊరుకున్నాం.

ఆమెని కదిలించింది మాత్రం జుట్టు కాదు, పన్ను. దవడ వాచి, మజ్జిగ కూడా మింగలేని పరిస్థితి వస్తే ముగ్గురం పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాం. నొప్పి ఎలా ఉంది అని డాక్టరు అడిగింది. అన్నయ్య తెలుగులో వదినకి చెప్పాడు.

"చల్లటిది తగిలితే జివ్వుమంటోంది. పడుకుంటే సలుపు. ఉండుండి చెవి దాకా పోటు పొడుస్తోంది" అంది వదిన, దవడ పట్టుకుని.

అన్నయ్య డాక్టరు వైపు తిరిగి, "నొప్పి" అన్నాడు.

వదిన అంత బాధలోనూ కళ్ళు పెద్దవి చేసింది. "నేను ఇంత చెప్తే మీరు అంతేనా చెప్పేది?"

"వాళ్ళ భాషలో నాకు వచ్చింది అంతే. జివ్వుకీ సలుపుకీ మాటలు నేనెక్కడ తెచ్చేది?"

నేను పక్కకి తిరిగి నవ్వుకున్నాను. వదిన నవ్వలేదు. ఇంటికొచ్చాక, మందుతో మొద్దుబారిన నోటితోనే అంది: "నా పన్ను నొప్పి నేను చెప్పుకోలేకపోతే ఇదేం బతుకమ్మాయ్? ఊళ్ళో మా వీధి చివర గొడవైతే నా గొంతు విని సగం మంది వెనక్కి తగ్గేవాళ్ళు."

ఆ వారమే కొత్తవాళ్ళకి భాష నేర్పే తరగతిలో చేరింది. పొద్దున వంట ముగించి బస్సెక్కి వెళ్ళేది. కూరలు తరుగుతూ వల్లె వేసేది. గుమ్మంలో చెప్పులకీ, గోడకున్న గడియారానికీ వాళ్ళ భాషలో కుశల ప్రశ్నలు వేసేది. తప్పులు పడేవి. తప్పు పడినప్పుడల్లా పళ్ళు బిగించి మళ్ళీ మొదలుపెట్టేది. మాటలు పోగైనా ఒక చిక్కు మాత్రం వదల్లేదు. మన నోటికి ప్రతి మాటా అచ్చుతో ముగియాలి. వాళ్ళ మాటలేమో హల్లు దగ్గర టక్కున ఆగిపోతాయి. వదిన అక్కడ ఆగలేదు. ప్రతి మాట చివరా ఒక చిన్న 'ఉ' చేర్చి, దాన్ని మెత్తగా కింద పెట్టేది. తరగతిలో మిగిలినవాళ్ళు నవ్వారు. కొట్లో అమ్మే పిల్ల కూడా నవ్వింది. దాంతో నాలుగు మంచి వాక్యాలు వచ్చినా బయట మళ్ళీ నోరు మెదపడం మానేసింది.

ఒకరోజు అన్నాలు తింటుండగా చెప్పింది. "ఏమండీ, బస్సు మీద రాసుంది. డ్రైవర్లు కావాలట. వాళ్ళే నేర్పుతారట. నేను వెళ్తాను."

అన్నయ్యకి పొలమారింది. "బస్సా? నువ్వా?"

"ఏం, మా నాన్నకి ట్రాక్టరు తోలిపెట్టింది ఎవరనుకున్నారు? వరికోతలప్పుడు ట్రక్కు తగిలించి గట్టు మీద వెనక్కి పోనిచ్చేదాన్ని. మీ చెల్లెల్ని అడగండి, మన పెళ్ళికి ముందు చూడ్డానికొచ్చినప్పుడు కళ్ళారా చూసింది."

చూశాను. చీర కొంగు బొడ్లో దోపి, ట్రాక్టరు మీద రాజ్యమేలుతున్నట్టు కూర్చున్న ఆమెని చూసే, ఈ సంబంధం వదలొద్దని మా అమ్మకి చెప్పాను.

"ట్రాక్టరుతో మాట్లాడక్కర్లేదు. బస్సులో మనుషులుంటారు" అన్నాడు అన్నయ్య. అతని గొంతులో ఎగతాళి లేదు, భయమే ఉంది. గోడౌన్‌లో తనని ఎవరెలా పిలుస్తారో, తను ఏమీ విననట్టు ఎలా ఉంటాడో నాకు తెలుసు. అది తనతోనే ఆగిపోవాలని అతని తాపత్రయం. "ఇవన్నీ నీకెందుకు, నేనున్నాగా."

"మీరున్నారు, కాదన్నానా? నోరు నాకూ ఉంది" అంది వదిన, నా కంచంలో పెరుగు వేస్తూ.

నేర్చుకోవడం నల్లేరు మీద నడకేం కాలేదు. ఇక్కడ బండ్లు పోయేది మనకి అలవాటైన పక్క కాదు. ఆమె ఇంట్లో సోఫాలో కూర్చుని, పళ్ళెం పట్టుకుని తిప్పుతూ "అద్దం, అద్దం, భుజం మీంచి వెనక్కి" అని తనకు తానే చెప్పుకునేది. మొదటి పరీక్ష తప్పింది. వీలు చూసుకుని పక్కన ఆపమని పరీక్ష పెట్టే ఆయన అంటే, ఆమె చెవికి ఆపమన్నది ఒక్కటే అందింది. నడిరోడ్డు మీద ఆపేసింది. ఇంటికొచ్చి, "బండి బాగానే ఆగింది, ఆపిన చోటే బాగోలేదు" అని తనే నవ్వి, మర్నాటి నుంచి మళ్ళీ పళ్ళెం పట్టుకుంది.

రెండోసారి గట్టెక్కింది. యూనిఫారం ఇచ్చారు. చొక్కాకి పెట్టుకునే పేరు బిళ్ళ మీద, పలకడం తేలికని, ఆమె పేరులో సగం కోసేసి ముక్క మాత్రం అచ్చు వేశారు. వదిన దాన్ని తిరిగి ఇచ్చేసింది. పూర్తి పేరుతో కొత్తది వచ్చేదాకా బిళ్ళ లేని చొక్కా మీద పాత స్వెట్టరు వేసుకునే తిరిగింది. ఆ బిళ్ళ ఇప్పుడు జేబు అంచు దాటి పక్కకి వచ్చేంత పొడుగుంటుంది.

డ్రైవరు ఉద్యోగంలో ఆమెకి నచ్చిన సంగతొకటి ఉంది. స్టాపుల పేర్లు రికార్డు చేసిన గొంతే చెప్పేస్తుంది. ఎక్కేవాళ్ళకి నమస్కారం అంటే చాలు. పక్కనే చిన్న మైకు వేలాడుతుంది, అవసరమైతే మాట్లాడమని. వదిన దాని జోలికి వెళ్ళేది కాదు. "అది అలంకారానికి" అనేది.

ఇలా కొన్ని నెలలు గడిచాక ఒకరోజు మధ్యాహ్నం బేకరీ పని ముగించుకుని నేను ఆమె బస్సే ఎక్కాను. బడి వదిలే వేళ, బస్సు కిక్కిరిసి ఉంది. మార్కెట్ దగ్గరికి వచ్చేసరికి ముందు రోడ్డంతా నీళ్ళు. భూమిలో పెద్ద గొట్టం పగిలిందట. పోలీసులు అడ్డం పెట్టారు. వైర్‌లెస్‌లో డిపోవాళ్ళు గబగబా ఏదో చెప్పారు. వదిన మళ్ళీ చెప్పించుకుని, సరేనని బస్సుని ఎడమ వీధిలోకి తిప్పింది.

రికార్డు గొంతుకి ఈ గొడవేం తెలుస్తుంది? మేము వెళ్ళని వీధుల పేర్లు, ఆగని స్టాపుల పేర్లు తీరిగ్గా చదువుకుంటూ పోతోంది. జనంలో గొణుగుడు మొదలైంది. ఎక్కడికి పోతున్నాం అని ఒకరు, ఆపండి అని మరొకరు. వదిన ఒక వారగా బస్సు ఆపింది. మీట నొక్కి ఆ గొంతు నోరు మూయించింది.

నేను జనాన్ని తోసుకుంటూ ముందుకి వెళ్ళాను. "వదినా, నన్ను చెప్పమంటావా?"

ఆమె చెంపల మీద చెమట పట్టి ఉంది. ఒక్క క్షణం నా వైపు చూసింది. "వద్దు. బస్సు నాది" అని మైకు తీసింది.

"అందరికీ నమస్కారం. ముందు రోడ్డులో నీళ్ళు వచ్చాయి. మార్కెట్ స్టాపూ, వంతెన స్టాపూ ఈ పూట లేవు. ఆసుపత్రి వెనక వీధిలో ఆగుతాను. అక్కడి నుంచి వంతెనకి నడవచ్చు."

వాళ్ళ భాషలోనే చెప్పింది. అన్ని మాటల చివరా ఆ మెత్తటి 'ఉ' అలాగే ఉంది. మైకులో ఇంకా పెద్దగా వినబడింది. వెనక సీటులో ఒకతను వంతెన అన్న మాటకి తోక సాగదీసి అచ్చం ఆమెలా పలికాడు. చుట్టూ నలుగురు నవ్వారు. నా ఒళ్ళు మండిపోయింది.

వదిన మైకు దించలేదు. "వెనక కూర్చున్నాయనకి వంతెన అర్థమైంది, సంతోషం. మిగిలినవాళ్ళ కోసం ఇంకోసారి చెప్తాను" అని, మొదటి నుంచి చివరిదాకా మరింత నిదానంగా, ఒక్క మాటా మింగకుండా చెప్పింది.

ఈసారి నవ్వు ముందు సీట్లలో పుట్టింది. అది ఆమె వైపు నిలబడ్డ నవ్వు. కూరగాయలు వేసుకునే చక్రాల సంచి పట్టుకున్న ఒక ముసలావిడ, మెట్లు లేని దారి ఎటు అని అడిగింది. వదిన చెప్పింది. ఇంకొకాయన రైలు అందుతుందా అన్నాడు. పరుగెత్తకుండా నడిచినా అందుతుందంది. ఆసుపత్రి వెనక బస్సు ఆగాక ముసలావిడ సంచి వదినే దింపి పెట్టింది. దిగినవాళ్ళలో చాలామంది ఆమెకి థాంక్స్ చెప్పే దిగారు.

అయినా నాలుగు రోజులకి డిపో నుంచి కబురొచ్చింది. డ్రైవరు మాట అర్థం కాలేదని ఎవరో ఫిర్యాదు చేశారట. అన్నయ్య మొహం మాడిపోయింది. "నేను వస్తా. నేను మాట్లాడతా."

"మీరొస్తే నొప్పి అని ఒక్క మాట చెప్పి తీసుకొచ్చేస్తారు. మీ చెల్లెలు వస్తుందిలెండి, తోడుకి."

డిపో మేనేజరు గది తలుపు తెరిచే ఉంది. నేను బయట బల్ల మీద కూర్చున్నాను. మేనేజరు నెమ్మదస్తుడే. ఫిర్యాదు వస్తే పిలిచి అడగడం నా పని, ఏం జరిగిందో చెప్పండి అన్నాడు. వదిన చెప్పింది. గొట్టం, నీళ్ళు, వైర్‌లెస్, రెండుసార్లు మైకు. తర్వాత ఆమే అడిగింది.

"ఆ రోజు నా బస్సులో ఎవరైనా దిగకూడని చోట దిగారా?"

ఆయన కాగితం చూశాడు. "అలా రాయలేదు."

"ఎవరికైనా దెబ్బ తగిలిందా? రైలు తప్పిందా?"

"లేదు."

"నా మాటలో యాస ఉంది, నిజమే. అది మా అమ్మ దగ్గర నేర్చుకున్న భాష నుంచి వచ్చింది. వంతెన అన్న మాట సరిగ్గా ఎలా పలకాలో మీరు చెప్పండి, ఇప్పుడే నేర్చుకుంటాను. కానీ నేను తప్పు చేశానని మాత్రం రాయొద్దు. రాస్తే ఒప్పుకోను."

బల్ల అంచుని పట్టుకున్న నా వేళ్ళు తెల్లబడ్డాయి. తర్వాత కుర్చీ జరిగింది. మేనేజరు వంతెన అన్నాడు, వాళ్ళ భాషలో. వదిన అంది. ఆయన మళ్ళీ అన్నాడు. వదిన మళ్ళీ అంది. తోక కొంచెం తెగింది, పూర్తిగా తెగలేదు. ఇద్దరూ నవ్వుతున్నారు.

"ఫిర్యాదు ఇక్కడితో సరి. ఇంకో మాట. ఇప్పటిదాకా ఎవరు సెలవు పెడితే వాళ్ళ దారిలో మిమ్మల్ని పంపుతున్నాం. వచ్చే నెల నుంచి ఆ మార్కెట్ రూటు మీకే ఇస్తున్నాను. దారి మారినప్పుడు మైకు తీసే డ్రైవర్లు నాకు తక్కువ. చాలామంది ఆ రికార్డు గొంతుని వాగనిచ్చి వెళ్ళిపోతారు."

బయటికి వచ్చాక వదిన నా భుజం మీద చెయ్యి వేసింది. "అమ్మాయ్, కాస్త కూచుందాం" అంది. డిపో గోడ పక్కన ఎండలో కూర్చున్నాం. కాసేపటికి తేరుకుని, లోపలికి వస్తున్న ఒక బస్సుని చూసి, "మలుపు ఎంత మోటుగా తీశాడో చూడు" అని పెదవి విరిచింది. అప్పుడు నాకు గుండె నిండిపోయింది.

అన్నయ్యకి సంగతంతా నేనే చెప్పాను, కొంచెం ఉప్పూ కారం చల్లి. ఆమె బస్సు అంతవరకూ ఎక్కనివాడు, భయంతో ఎక్కనివాడు, మరుసటి నెల మొదటి సెలవు రోజున ఇస్త్రీ చొక్కా వేసుకుని నాతో మార్కెట్ రూటు స్టాపుకి వచ్చాడు. బస్సెక్కి సరిగ్గా డ్రైవరు వెనక సీట్లో కూర్చున్నాడు. బస్సు కదలగానే ముందుకి వంగి, "ఏమోయ్, ఎడమ పక్క సైకిలు వస్తోంది చూశావా?" అన్నాడు తెలుగులో.

వదిన రోడ్డు మీంచి చూపు తిప్పకుండా తల పైనున్న బోర్డు వైపు వేలు చూపించింది. బండి నడుస్తున్నప్పుడు డ్రైవరుతో మాట్లాడరాదు అని అక్కడ రాసుంది.

అన్నయ్య బుద్ధిగా వెనక్కి జారి కూర్చున్నాడు. ఊరుకుంటాడా? పక్కనున్న పెద్దాయన వైపు తిరిగి, వచ్చీరాని ఆ భాషలోనే, బస్సు సగానికి వినబడేలా అన్నాడు:

"ఆవిడ నా భార్య."