బీరప్ప దగ్గు

బీరప్ప దినాలు అయిపోయిన మరుసటి పొద్దున అతని తమ్ముడు మునస్వామి ఎద్దులతో బావి నీళ్లు తోడే కపిల తోలడానికి దిగాడు. నిమ్మనపల్లె పక్కన వాళ్ల చేను. బావి కింద రాగి పైరు మోకాలెత్తు లేచింది. ఆ ఏడు వాన మొహం చాటేసింది. బావి నీళ్లు పారితే ఇంటికి సంగటి, లేకపోతే లేదు.

ఎద్దులు బావి దగ్గర నుంచి వాలులో దిగాయి. మోకు తాడుకు కట్టిన బాన పైకొచ్చి నీళ్లు కాలవలో పోసింది. ఇక ఎద్దులు వెనక్కి అడుగులేస్తూ బావి దాకా ఎక్కాలి. అప్పుడే బాన మళ్లీ నీళ్లలోకి దిగుతుంది. అవి ఎక్కలేదు. మునస్వామి అదిలించాడు, బుజ్జగించాడు, మోకు లాగాడు. రెండూ చెవులు నిక్కించి నిలబడ్డాయి, ఇంకెవరో చెప్పాలన్నట్టు.

పక్క చేని గంగులయ్య గట్టు మీద నుంచి చూస్తున్నాడు.

“మీ అన్న పోయినాడని వాటికి ఎవురూ సెప్పలేదేమప్పా.”

“నీకేం, మోటరు పెట్టుకోనుండావు.”

“మోటరు కరెంటు మాట వింటాది. కరెంటు ఎవురి మాటా వినదు. ఎద్దులే మేలు. వాటికి కోపమొస్తే కారణముంటాది.”

కొన్నాళ్లు ఇదే తంతు. రాగి ఆకులు చుట్టుకుపోసాగాయి. బీరప్ప మోకు వదల్లేదని ఊళ్లో మాట పుట్టింది. బతికుండగా తన పనిలో ఎవరినీ వేలు పెట్టనివ్వలేదు, చచ్చాక మాత్రం ఎందుకు మారతాడన్నారు. మనిషి మంచితనం మనిషితోనే పోతుందని, మొండితనం మిగిలి ఉంటుందని జనానికి గట్టి నమ్మకం.

ఒక సాయంత్రం బీరప్ప పెండ్లాం అక్కమ్మ పొయ్యి ఊదుతుంటే పొగ గొంతులో పడి దగ్గింది. కొట్టంలో ఎద్దులు రెండూ ఒక్కసారిగా వెనక్కి జరిగాయి. కుడితి తొట్టి ఒరిగిపోయింది. అక్కమ్మ పొయ్యి సంగతి మరిచి అట్లే కూర్చుండిపోయింది.

కపిల తోలడమంటే తెల్లారకముందే లేచి, నడుము దాకా తడుస్తూ చేసే పని. వాలు దిగిన ప్రతిసారీ బీరప్పకు దగ్గు వచ్చేది. నోటితో అతను ఏం అరిచినా, ఎద్దులు విన్నది దగ్గునే. ఆ దగ్గును ఆమె ఏళ్ల తరబడి తిట్టింది. ఇప్పుడు చేనికి అదే కావాలి.

మర్నాడు ఆమె వాలు దిగువన కూర్చుంది. బాన ఒలకగానే కొంగు అడ్డం పెట్టుకుని దగ్గింది. ముందు పొడిగా, చివర్లో తడిగా, అచ్చం మొగుడి లాగే. ఎద్దులు ఆలోచిస్తున్నట్టు ఆగి, వెనక్కి అడుగేశాయి.

మునస్వామి తల తిప్పలేదు.

“వదినా, నువ్వేనా?”

“నేనే. ఎనక్కి సూడాకు, తోలు.”

“వొళ్లు జలదరిస్తాండాది.”

“పనిలో పడితే పోతాది.”

పైరు తేరుకుంది. ఆ దారిన పోయేవాళ్లు దగ్గు వినపడితే నడక పెంచేవాళ్లు. గంగులయ్య ఒక్కడే ఆగి, “ఏమప్పా బీరప్పా, బాగుండావా?” అని పలకరించి పోయేవాడు. ఎవరూ నవ్వేవాళ్లు కాదు.

కంకి పాలు పోసుకునే రోజుల్లో ఒక పొద్దున, అక్కమ్మ ఇంకా గట్టు మీద ఉండగానే దగ్గు వినపడింది. ముందు పొడిగా, చివర్లో తడిగా. ఈసారి ఎద్దులు ఆలోచించలేదు. వెంటనే ఎక్కాయి.

వాలు కింద మునస్వామి ఒక్కడే ఉన్నాడు, మోకాళ్ల మీద చేతులాన్చి ఊపిరి తీసుకుంటూ.

“సూసినావా వదినా, ఇంక నువ్వు రానక్కరలేదు. నాకే వచ్చేసింది.”

“ఎప్పటి నుంచి?”

“ఉండాదిలే కొన్నాళ్లుగా. సలికి.”

ఇన్నేళ్లూ ఆమె అది మొగుడి దగ్గు అనుకుంది. అది ఆ పని దగ్గు. ఒక మనిషి అయిపోతే ఇంకో మనిషిని చూసుకుంది.

అక్కమ్మ వాలు దిగి, ఎద్దుల మెడ మీద కాడి విప్పింది.

“ఇంకొక్క తడి పెట్టల్ల వదినా. లేకపోతే ఎండిపోతాది.”

“ఎండనీ.”

“మనం తినేదేంది?”

“మనం అనేదానికి ముందు నువ్వుండల్ల గదా. మదనపల్లె బస్సు ఇంకా పోలేదు. ఆస్పత్రికి పోదాం, పద.”

అతను చేను వైపు చూస్తూ నిలబడ్డాడు. ఆమె చూడలేదు.