‘సబ్మిట్’కు మొదటి అర్థం

ఫోన్ మోగే సమయానికి కొత్త పెళ్లికూతురి రెండు చేతుల్లోనూ రాతబల్ల ఒక కొస ఉంది. రెండో కొస మొగుడి చేతుల్లో ఉంది. కాళ్లు పైకి పెట్టి తిరగేసిన ఆ బల్ల గుమ్మంలో ఇరుక్కుని లోపలికీ రాదు, బయటికీ పోదు.

“నీ ఫోనే. నా జేబులో ఉంది, తియ్యి,” అన్నాడాయన మెట్ల మీద నుంచి.

“ఎలా తియ్యమంటారు, పళ్లతోనా?”

ఆయన వెనకే నిలబడి వినోదం చూస్తున్న ఇంటి ఓనరు పిన్నిగారు, అల్లుడి జేబులో చెయ్యి పెట్టినంత చనువుగా ఫోన్ లాగి స్పీకర్ నొక్కింది.

ఆమె తాత్కాలికంగా పనిచేసే ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు ఆఫీసు పెద్దాయన గొంతు. “అమ్మాయ్, నమూనా పేజీకి నువ్వు రాసిన మాటే తీసుకున్నాం. ‘సబ్మిట్’. ఇక నీ ఉద్యోగం ఖాయమైనట్టే.”

ఆమెకు గంతెయ్యాలనిపించింది. చేతిలో బల్ల ఉంది కాబట్టి ఉన్నచోటే మడమలెత్తి దించింది. పెళ్లయి ఇరవై మూడు రోజులు. కొత్త ఇల్లు, కొత్త బల్ల, ఇప్పుడు ఉద్యోగం. సంతోషాలన్నీ కూడబలుక్కుని వస్తున్నట్టున్నాయి.

“ఆగాగు. ఆ మాట అర్థాలు రాసిన కార్డు మీద మాస్టారి సంతకం పడాలి. ఐదింటికి పేజీ ప్రెస్సుకు వెళ్లిపోతుంది. పడకపోతే ఇంకొకళ్ల మాట వేస్తాం. అప్పుడు నీ సంగతి మళ్లీ ఆలోచించాల్సి వస్తుంది.”

ఆమె మడమలు నేలకు ఆనాయి.

మాస్టారంటే అందరి కార్డులూ దిద్దే ఎర్రసిరా మాస్టారు. వారం రోజులుగా ఇద్దరికీ ఆ ఒక్క మాట మీద చుక్కెదురు. ఏ ఆఫీసుకెళ్లినా జనం ‘ఫారం సబ్మిట్ చేశాను’ అంటారు కాబట్టి ‘దాఖలు చేయు’ ముందుండాలని ఆమె పట్టు. పుట్టుకలో ముందున్నది ‘లొంగిపోవు’, అదే ముందుండాలని ఆయన పట్టు. లొంగిపోవడం దొంగలు పోలీసుల దగ్గర చేసే పని, దాన్ని నెత్తిన పెట్టుకోనంది ఆమె. ఆయన మూడుసార్లు కొట్టేశారు. ఆమె మూడుసార్లు తిరగరాసింది.

“ఇంకా పైకెత్తు!” అన్నాడు మొగుడు.

“మీరెత్తండి! నేను ఎత్తే ఉన్నాను.”

బల్ల కాళ్లు గుమ్మం పై కమ్మీకి టకటకా కొట్టుకున్నాయి.

“ఎవరో ఒకరు తగ్గండర్రా!” అంది పిన్నిగారు. “పోటీపడి ఇద్దరూ పైకెత్తుతుంటే ఎలా వస్తుంది? అమ్మాయ్, ముందు నువ్వు తగ్గు.”

ఆమె మోకాళ్లు వంచి తన కొస దించింది. ముందు కాళ్లు కమ్మీ కింది నుంచి జారి లోపలికి వచ్చాయి. “ఇప్పుడు మీరు తగ్గండి అల్లుడుగారూ.” ఆయన దించాడు. వెనక కాళ్లూ వచ్చాయి. బల్ల గదిలో పడింది.

ఆయన చెమట తుడుచుకుంటూ నవ్వాడు. ఆమె నవ్వలేదు. తన చేత్తో రాసిన కార్డు అడుగు వరుస కళ్ల ముందు ఆడింది. ‘మూలం లాటిన్: కిందకు పంపు, దించు, తగ్గించు.’ పెద్ద నిఘంటువులోంచి దించుకున్నదే. మూలం కదా అని రాసి పారేసింది గానీ ఒక్కనాడూ తిరిగి చూస్తే ఒట్టు.

“ఏవండీ, నేను ఆఫీసుకు వెళ్లొస్తాను.”

“బల్ల సరిగ్గా వెయ్యాలి కదా?”

“మీకెక్కడ నచ్చితే అక్కడ వెయ్యండి. నేను తగ్గాను.”

నాలుగున్నరకు ఆఫీసు మెట్లెక్కింది. కార్డుల అరల మధ్య మాస్టారు కళ్లజోడు నుదుటి మీదికి తోసి కూర్చుని ఉన్నారు. ముందు ఆమె కార్డు. పక్కన మూత తీసిన ఎర్ర కలం.

“మళ్లీ పోట్లాటకొచ్చావా?”

“లేదు మాస్టారూ. మీ వరుసే ఉంచండి. పాత అర్థమే ముందు.”

ఆయన అనుమానంగా చూశారు. ఇంత తేలిగ్గా గెలవడం ఆయనకు అలవాటు లేనట్టుంది.

“కాకపోతే ‘లొంగిపోవు’కు ముందు ఇంకో మాట కావాలి. ‘తగ్గు’.”

“తగ్గడానికి అదేమైనా జ్వరమా?”

“మూలం చూడండి. కిందకు దించడం. మనమూ అదే బొమ్మతో అంటాం కదా. ‘పెద్దవారు, మీరే కాస్త తగ్గాలి’ అని.”

“ఇది ఉదాహరణా, నాకు చెప్తున్నావా?”

“రెండూనండీ.”

మాస్టారు నవ్వు దాచుకోవడానికి కళ్లజోడు ముక్కు మీదికి దించుకున్నారు. “లొంగిపోవడమంటే ఓటమమ్మా. తగ్గడంలో ఓటమేదీ?”

“ఇందాక మా ఇంట్లోకి బల్ల తెచ్చాం. ముందు నేను తగ్గాను, తర్వాత మా ఆయన. బల్ల లోపలికి వచ్చింది. ఓడిందెవరో ఇద్దరికీ తెలీలేదు. ఓడినప్పటి మాట ‘లొంగిపోవు’. అది ఉండాలి. ఇలాంటప్పటి మాట కూడా ఉండాలి కదా?”

ఆయన కార్డు అడుగు వరుస మీద వేలు పెట్టి మరోసారి చదివారు. గోడగడియారం ఐదుకు ఇరవై నిమిషాలు తక్కువ చూపిస్తోంది. ఆమె చీర కొంగు వేలికి చుట్టుకుంది, విప్పింది, మళ్లీ చుట్టుకుంది.

“మా ఇంట్లో ఆవిడ ముప్పై ఏళ్లుగా నన్ను ఈ మాటే అంటోంది,” అన్నారు చివరికి. “నిఘంటువులో లేదు పో అని తప్పించుకు తిరుగుతున్నా. ఆ దారి కాస్తా మూసేశావు కదమ్మా!”

ఎర్ర కలంతోనే రాశారు. ఒకటి: తగ్గు, లొంగిపోవు. రెండు: దాఖలు చేయు. మూడు: విన్నవించు. కింద సంతకం. కార్డు ఆమె వైపు తిప్పారు. రాసినవారి గడిలో ఆమె సంతకం చేస్తే, ఇంకా చేతికి అలవాటు పడని కొత్త ఇంటిపేరు కాస్త వంకరపోయింది. ఆ వంకర కూడా ఆమెకు ముద్దొచ్చింది.

కార్డు తీసుకుని లేచి, పెద్దాయన గది వైపు రెండడుగులు వేసిన మాస్టారు వెనక్కి తిరిగారు.

“రేపు పదిన్నరకు కోర్టు గేటు దగ్గరికి వచ్చెయ్. తర్వాతి మాట ‘సబ్‌పీనా’. సాక్షికి పంపే ఆ కాగితాన్ని అక్కడి గుమాస్తాలు నోటితో ఏమంటారో ముందు విందాం, పోట్లాట తర్వాత పెట్టుకుందాం.”