ఇన్నాసమ్మ వార్డు

"మీ అమ్మ మిలిటరీ సంగతి ఇవాళ ఎత్తకు లూర్దూ. నలుగురూ వచ్చే రోజు," అన్నాడు రాజారత్నం, ఉల్లిగడ్డలు తరుగుతున్న భార్య పక్కన నిలబడి. ఓ చెయ్యి వేస్తాడేమోనని ఒక్క క్షణం ఆశపడింది లూర్దమ్మ. ఆయన వచ్చింది చెప్పడానికే. చెప్పి, చాయ్ అడిగి, పందిట్లోకి వెళ్లిపోయాడు.

అమ్మ ఇన్నాసమ్మ పోయి నెల అయింది. మిర్యాలగూడలో పుట్టింట్లోనే ఆ మధ్యాహ్నం ఆమె పేరిట జపమాల, ఆ తర్వాత భోజనాలు. లూర్దమ్మ నిన్న కోదాడ నుంచి వచ్చి, ఇల్లు అలికి, బియ్యం ఏరి, తెల్లారకముందే పొయ్యి ముట్టించింది. కొడుకుల్లేని ఇంట్లో అల్లుడే కొడుకని చుట్టాలంతా రాజారత్నానికి పీట వేశారు. కూతురికి మాత్రం ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేదు, పొయ్యి ఎక్కడుందో ఆమెకు తెలుసు కదా!

బడిపంతులు కాబట్టి అత్తగారి గురించి నాలుగు మాటలు చెప్పే పని కూడా ఆయనదే. కోదాడలో వారం రోజులుగా అద్దం ముందు చెప్పుకుంటూనే ఉన్నాడు. మీ అమ్మకు ఏ పునీతురాలంటే ఇష్టం, ఉపవాసాలు ఎట్లా ఉండేది అని ఒక్కొక్కటే అడిగి లూర్దమ్మ నుంచే రాబట్టాడు. అన్నీ పొందిగ్గా కూర్చాడు. "భక్తిపరురాలు, ఇల్లు కదలని ఇల్లాలు" అని ముగించాడు.

ఇల్లు కదలకుండానే బర్మా సరిహద్దు దాకా పోయిందా అమ్మ? ఆమె సూర్యాపేటలో సిస్టర్ల చిన్న దవాఖానలో నర్సు పని నేర్చుకుంది. యుద్ధం వచ్చి, గాయపడ్డ సిపాయిలకు చేసేవాళ్లు చాలడం లేదంటే నేను పోతానని ముందుకొచ్చింది. సర్కారు జీతమని నాయిన ముత్తయ్య అప్పుడు సంతోషంగానే ఒప్పుకున్నాడు. యుద్ధం ముగిసి, జీతం ఆగిపోయి, అమ్మ ఇంటికొచ్చాకే ఆయనకు పరువు గుర్తొచ్చింది. మేనత్త బక్కమ్మ అయితే వాకిట్లోనే అడిగేసింది, "గంతమంది మొగోళ్ల నడుమ ఎట్లున్నవే వదినా?" అని. అమ్మ తల కూడా తిప్పలేదు. "మొగోళ్లని సూసే తీరిక ఏడిది బక్కమ్మా? పానం పోతున్నదా ఉన్నదా అని సూసుడే సరిపాయె," అంది. రజాకార్ల గొడవల్లో తన కొడుకు తొడకు తూటా తగిలినప్పుడు ఆ బక్కమ్మే "వదినా వదినా" అంటూ పరుగెత్తుకొచ్చింది. అమ్మ కట్టు కట్టింది. ఆ కట్టు గురించి ఊళ్లో ఒక్కరూ మాట్లాడలేదు, అమ్మ మగవాళ్ల మధ్య ఉండొచ్చిందన్న మాట మాత్రం ఎవరూ మానలేదు.

లూర్దమ్మ కడుపు రగిలేది వేరే దానికి. అక్కడ అమ్మ చూసిన వార్డులో మంచాలు వరుసకు పది. జపమాలలోనూ పది పూసలకో గుత్తి. నడుస్తూనే మంచానికో పూస చొప్పున జపం చేసేదట. తిరిగొచ్చాక కూడా సాయంత్రాలు పూస తిప్పుతూ ముందు ఒక పేరు పలికేది. కర్తార్ సింగు, గుల్ మహమ్మదు, ఆరుముగం, దిల్ బహదూరు. ఒకరోజు నాయిన విన్నాడు.

"ఎవరే వీళ్లంత?"

"నా వార్డు."

"మొగని పేరు మీద జపం జెయ్యక పరాయి మొగోళ్ల పేర్లా? నా ఇంట్ల ఇనపడొద్దు."

అమ్మ ఎదురు చెప్పలేదు, మానలేదు కూడా. గొంతు ఆపేసి పెదవులు కదిపేది. ఒళ్లో తల పెట్టుకున్న లూర్దమ్మ ఆ పెదవులు చూసి చూసి పేర్లన్నీ నేర్చేసుకుంది. "దేవునికి చెవుడు లేదులే బిడ్డా," అనేది అమ్మ నవ్వుతూ. దేవుడికి లేకపోవచ్చు, ఇంట్లో వాళ్ల సంగతేమిటి? ప్రాణాలు నిలబెట్టిన మనిషి సొంత గుమ్మంలో పెదవులతో దొంగతనంగా బతకాలా? ఇవాళ కూడా ఎవరూ చెప్పకపోతే అమ్మ నిజంగానే ఇల్లు కదలని ఇల్లాలుగా మిగిలిపోతుంది. ఆ మాట తలచుకుంటే లూర్దమ్మకు ఏడుపు కాదు, కోపం వచ్చింది.

మధ్యాహ్నానికి పందిరి నిండింది. రాజారత్నం ప్రసంగం బాగా పండింది, ఆడవాళ్లు కళ్లొత్తుకున్నారు. చర్చి ఉపదేశి చిన్నప్ప జపమాల మొదలుపెట్టాడు. నాలుగు గుత్తులూ మగవాళ్లు చెప్పించాక, "ఆఖరి పది పూసలు ఆడబిడ్డ చెప్పియ్యాలె," అన్నాడు ఆచారం ప్రకారం. లూర్దమ్మ చేతులు కొంగుకు తుడుచుకుని వచ్చి మోకరిల్లింది.

"మా అమ్మ మూడేళ్లు మిలిటరీ నర్సు. గీ పూసలు ఆమె వార్డు," అంది. "సిపాయి కర్తార్ సింగు కొరకు." ఒకరు మొదలుపెడితే అందరూ ముగించే మంగళవార్త జపంలో తన వంతు సగం స్పష్టంగా చెప్పి ఆగింది.

"లూర్దూ!" అన్నాడు ముత్తయ్య.

"నా సగం నేను జెప్పిన నాయినా. కడమ సగం మీది."

ఆ జపం సగంలో ఆగితే నోళ్లు ఊరుకోవు, ఉగ్గుపాలతో వచ్చిన అలవాటది. "పరిశుద్ధ మరియమ్మా..." అని అందరికంటే ముందు అందుకున్నది బక్కమ్మే. అందుకున్నాక నాలుక కరుచుకుంది గానీ, అప్పటికే పందిరంతా ఆమె వెంట పడింది. గుల్ మహమ్మదుకు గొంతులు పెరిగాయి. దిల్ బహదూరు దగ్గరికి వచ్చేసరికి ముత్తయ్య పెదవులు కూడా కదిలాయి.

పదో పూస అయింది. ముగింపు జపానికి ఉపదేశి గొంతు సవరించుకున్నాడు.

"ఆగుండ్రి చిన్నప్ప మామా. గిది మొదటి వరుసనే. ఇంకో వరుసున్నది."

రాజారత్నం వంగి ఆమె చెవి దగ్గర పళ్లు కొరికాడు. "చాల్లే, లే ఇంక. అన్నం చల్లారిపోతోంది."

లూర్దమ్మ పందిరంతటికీ వినపడేలా అంది.

"చల్లారనియ్యుండ్రి. వండింది నేనే గదా."