మిన్నాగు కాగితం

జమున ఆరు నెలలు కూర్చుని ఒక ఆట తయారుచేసింది. బోర్డు ఉండదు, గవ్వలుండవు. తను ఒక గుహ కథ చెబుతూ పోవాలి, ఆడేవాళ్లు తమ వీరుడు ఏం చేస్తాడో నోటితో చెప్పాలి, తేలనిది పాచికలు తేలుస్తాయి. నలభై ఏళ్ల కిందటి ఆటల పుస్తకాలు ఇంటర్నెట్‌లో వెతికి, వాటిలో దయాదాక్షిణ్యం లేని నియమాలన్నీ ఏరుకుంది. ఆమెకు మరీ ముద్దొచ్చింది ఒకటే: ఆటలో ఎవరు చచ్చినా వాళ్ల పేరూ ప్రాణాలూ రాసుకున్న కాగితం అక్కడికక్కడే చింపెయ్యాలి.

గుహ చివర బంగారం కుప్ప మీద చుట్టుకుని మిన్నాగు ఉంటుంది. దానికీ ఒక కాగితం ఉంది. నూట ఇరవై ప్రాణాలు, నాలుగు రంగుల్లో బొమ్మ, తోక మీద పొలుసులతో సహా. దాన్ని దాటేవాడు ఇంకా పుట్టలేదని స్నేహితురాలు నాజియా ముందు గొప్పలు పోయింది. నాజియా ఊరుకునే రకమా? ఆదివారం మధ్యాహ్నం పక్క క్వార్టర్ సదయ్యను వెంటబెట్టుకొచ్చింది. బొగ్గుబాయిలో కప్పు కూలకుండా ముప్పై రెండేళ్లు గుంజలు నిలబెట్టి రిటైరైన మనిషి.

"నువ్వు కత్తివీరునివి కాకా," అంది జమున.

"కత్తెందుకు బిడ్డా. ఓ పొడుగు కట్టె ఇయ్యి."

ఆ కట్టెతో ఆమె దుంప తెంచాడు. ప్రతి అడుగుకూ కప్పు తట్టడం, గట్టిగ మోగిందా, డొల్లగ మోగిందా అని అడగడం. మొదటి గదికే గంట పట్టింది. మిన్నాగు గదిలోనూ అదే ప్రశ్న వచ్చేసరికి జమునకు ఒళ్లు మండింది. బెదిరించి వెనక్కి పంపాలనుకుంది.

"డొల్లగ మోగింది. మీ బాయిలెక్కనే నాలుగు కర్ర గుంజల మీద ఆగింది. ఎప్పుడు పడ్తదో తెల్వది."

సదయ్య మొహం వెలిగిపోయింది. "మిన్నాగు నిద్రల ఉన్నదా?"

"ఉన్నది."

"అయితే గుంజలకు తాడు గట్టి బయటికెల్లి లాగుతం. బొగ్గు తీసుడు అయిపోయినంక మేం చేసేది గదే."

తాడు తెగుతుందేమోనని పాచిక వేయించింది జమున. ఇరవైకి పంతొమ్మిది పడింది; తాడు తెగలేదు, కప్పు కూలింది.

నాజియా నియమాలు తిరగేసి తీరిగ్గా చదివింది. "కప్పు కూలితే కింద ఏదున్నా చచ్చినట్టే. నువ్వే రాసినవ్ గదనే."

"మిన్నాగుకు గా నియమం వర్తించదు."

"గట్ల రాసినవా?"

రాయలేదు. జమునకు నిజంగానే ఏడుపొచ్చింది. మిన్నాగు కాగితాన్ని తోక వైపు నుంచి మెల్లగా చింపింది. సదయ్యకు కూడా మనసు చివుక్కుమంది.

"మంచి బొమ్ముండె బిడ్డా," అన్నాడు. అంతలోనే, "బంగారం దాని కిందనేనా? అయితే తవ్వాలె. నలభై గుంజలు రాస్కో."

జమున ముక్కు తుడుచుకుని, చిరిగిన తోక ముక్క వెనక 'గుంజలు నలభై' అని రాసింది. దాని కింద, ఎవరికీ కనబడకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని, 'గుడ్లు మూడు' అని కూడా రాసుకుంది.