ఫొటోలో లేని మెట్టు

తాళం రెండోసారి తిప్పితేగాని రాదని ఆమె చేతికి తెలుసు. తిప్పి, తలుపును భుజంతో నెట్టి, చెప్పులు బయట విడిచి లోపలికి నడిచింది. ముందు వంటింటి కిటికీ తెరిచింది, తరువాత పడకగదివి రెండు. మూసి ఉంచిన ఇంటి వాసన పోవడానికి పావుగంట పడుతుంది. ఊచల మీది దుమ్ము కొంగుతో తుడిచి, వచ్చి గుమ్మం పక్కన నిలబడింది.

అందరూ ఆమెను తాళాలత్త అంటారు. ముప్ఫయ్యేళ్ళు అద్దె ఇళ్ళు చూపించి బతికింది. అక్షరమ్ముక్క రాకపోయినా, ఏ ఇంట్లో పొద్దుటి ఎండ పడుతుందో, ఎక్కడ కుళాయి సన్నగా వస్తుందో ఆమెకు కంఠతా వచ్చు. తరువాత ఇళ్ళన్నీ ఫోన్లోకి ఎక్కాయి. యజమానులే ఫొటోలు పెట్టుకున్నారు. దూరాన ఉన్నవాళ్ళు కూర్చున్నచోటే ఇల్లు ఎంచుకున్నారు. కాళ్ళరిగేలా తిరిగే బాధ తప్పింది వాళ్ళకు, అదీ మంచిదే. ఈమెను పిలిచే గడప మాత్రం ఒక్కటీ మిగల్లేదు. చివరకు ఆ ఫొటోలు పెట్టే కంపెనీవాళ్ళే తలుపులు తీసే పనికి పెట్టుకున్నారు. తియ్యాలి, నిలబడాలి, మూయాలి. ఇంటి గురించి మాట్లాడకూడదు.

పోయిన వారం నోరు ఊరుకోక ఎవరికో గోడ చెమ్మ సంగతి చెప్పింది. ఇంటాయన ఫిర్యాదు చేశాడు. "ఆంటీ, ఇంకొక్కసారి ఇలా జరిగితే మీ పేరు తీసేస్తారు" అని ఆఫీసు అమ్మాయి ఫోన్లో బతిమాలినట్టు చెప్పింది. అప్పటినుంచి తాళాలత్త బుగ్గన లవంగం పెట్టుకుని నిలబడుతోంది. నోరు ఖాళీగా ఉంటే మాట ఊరుతుందని.

ఆ ఉదయం వచ్చినవాళ్ళు ఒక బడిపంతులమ్మ, ఆమె చెయ్యి పట్టుకుని తండ్రి. ఆయనకు రెండేళ్ళుగా చూపు లేదు. కూతురు బడికి పోతే సాయంత్రం దాకా ఇంట్లో ఒక్కడే.

"ఫొటోలన్నీ నాకూ చూపించింది మా అమ్మాయి. చాలా బాగున్నాయన్నాను" అన్నాడాయన.

తాళాలత్తకు నవ్వొచ్చింది. లవంగాన్ని రెండో బుగ్గకు తోసింది.

నేల తెల్లగా మెరుస్తోంది. "అచ్చం ఫొటోలో ఉన్నట్టే ఉంది నాన్నా, ఇదే ఖాయం చేసేస్తా" అంటూ కూతురు ఫోను తీసింది. ఆయన గోడ తడుముకుంటూ స్నానాలగది వైపు నడిచాడు. అక్కడ జానెడు దిగుడుంది. తెలుపు పక్కన తెలుపు కావడంతో కళ్ళున్నవాళ్ళకే ఆనదు.

"అన్నయ్యా, ఆగండి. అక్కడ మెట్టుంది."

కూతురు గబగబా వచ్చి చూసింది. "ఫొటోలో లేదే పిన్నిగారూ."

"ఫొటో నడవదు కదమ్మా."

నోరు తెరిచాక ఇంక దాపరికమెందుకు? "పైన పటారం, లోన లొటారం. లోపల నీళ్ళు నిలుస్తాయి. కళ్ళుండి నేనే జారాను" అంది.

"మరి నాకు పనికొచ్చేది ఎక్కడైనా ఉందా చెల్లెమ్మా?" అన్నాడాయన.

ఉంది. రెండు వీధుల అవతల ఒక రిటైరైన నర్సు ఇంట్లో కింది భాగం. మనిషి ముఖం చూడకుండా ఇల్లివ్వనని ఆవిడ దాన్ని ఫోన్లో పెట్టనివ్వలేదు. వచ్చినవాళ్ళను అలా వేరే ఇంటికి తీసుకుపోతే ఉద్యోగం ఉండదు. తాళాలత్త కాసేపు తాళంచెవిని చేతిలో తిప్పింది. తరువాత కిటికీలు ఒక్కొక్కటే మూసింది.

"పదండి."

వీధి మధ్యలో ఫోను మోగింది, ఆఫీసు అమ్మాయి. "ఆంటీ, మ్యాపులో మీ చుక్క ఎటో పోతోంది."

"నడుస్తున్నానమ్మా. చూపులేని పెద్దాయన. ఆ ఇంట్లో పడతాడు."

అవతల అమ్మాయి గొంతు తగ్గించింది. "నేను ఆపలేను ఆంటీ. దానంతటదే పోతుంది మీ పేరు."

"నువ్వేం చేస్తావులే తల్లీ. వేళకు తిను."

నర్సు ఇల్లు పాతదే అయినా నేలంతా ఒకే మట్టం. మంచం వేసుకునే చోటు నుంచి స్నానాలగదికి ఆయన గోడ పట్టుకుని లెక్కపెడుతూ నడిచాడు. పదకొండు అడుగులు. చివర పక్కపక్కనే రెండు తలుపులు. ఒకటి తెరిచి, "ఇది సామాన్ల గదిలా ఉందే" అన్నాడు. అందరూ నవ్వారు. మళ్ళీ నడిచాడు. మళ్ళీ అదే తలుపు తెరిచాడు. ఈసారి ఆయనొక్కడే నవ్వాడు.

"అలవాటైపోతుంది లెండి" అంది నర్సు. ఆయన్ను వరండాలో కుర్చీలో కూర్చోబెట్టి, కూతురికి పెరట్లో కుళాయి చూపించడానికి తీసుకుపోయింది.

లోపల ఒంటరిగా మిగిలిన తాళాలత్త చేతిలో ఫోను టింగుమంది. రోజూ ఇళ్ళ బొమ్మలుండే చోట ఇప్పుడు తెల్లటి ఖాళీ. చదవడం రాకపోయినా అర్థమైంది. పోతూ పోతూ మొదటి ఇంటి తాళం అక్కడి వాచ్‌మన్‌కి ఇచ్చేయాలి. నర్సు ఉంచిన కుండలో నీళ్ళు ముంచుకు తాగి, గ్లాసు కడిగి బోర్లించింది. ఇంకేదో చేస్తూ కాసేపు లోపలే ఉండి, వరండాలోకి వచ్చింది.

"వస్తానన్నయ్యా."

"మంచిదమ్మా."

కూతురు వచ్చి చూసేసరికి వీధిలో ఎవరూ లేరు. "అయ్యో, పిన్నిగారు వెళ్ళిపోయారా?"

ఆయన లేచి లోపలికి వచ్చి, మంచం చోటు నుంచి ఇంకోసారి నడిచాడు. పదకొండో అడుగు దగ్గర చెయ్యి చాచాడు. స్నానాలగది గొళ్ళేనికి, సరిగ్గా ఆయన వేళ్ళు ఆనేచోట, చీర అంచు చించి కట్టిన పీలిక వేలాడుతోంది. ఊడిపోకుండా దానికి ముడి మీద ముడి.