చెవితో వండే అన్నం

"అన్నం అయిందా, లేదా?" గుమ్మం పక్కన కుర్చీలో కూర్చుని ముప్పై ఏళ్లుగా మామయ్య కేకేసే మాట ఇది. మలేసియాలోని ఈపోలో మా కొట్టు బోర్డు మీద 'చౌ గారి మట్టికుండ అన్నం' అని పేరు, పక్కన ఆయన ఫొటో. బొగ్గుల పొయ్యిల ముందు నిలబడి పన్నెండు కుండలు ఒకేసారి చూసుకునేది మాత్రం మా అత్తయ్య యూక్‌లాన్. మూత తీయదు, చెవి ఒగ్గుతుంది. లోపల గుబగుబ పోయి చిటచిట మొదలవగానే కుండ తిప్పుతుంది. అడుగున పెళుసుగా బంగారు పొర కడుతుంది, మాడదు. కోడలిగా వచ్చిన ఏడేళ్లలో ఆ తేడా నాకు పట్టుబడనే లేదు.

కోడి, ఉప్పుచేప, చిక్కటి నల్ల సోయా సాస్, ఇది మా ఊరి పద్ధతి. అత్తయ్య పుట్టింటివాళ్లు చైనాలోని తొయిశాన్ నుంచి వచ్చారు, పాములా పొడుగ్గా ఉండే మలుగుచేపతో వండేవారట. ఒకసారి ఆవిడ అలా వండబోతే మామయ్య, "పాముల అన్నం ఎవడు తింటాడే? నీ అమ్మగారింటి వేషాలు ఇక్కడొద్దు" అన్నాడు. నా భర్త నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

మొన్న ఒక వంటల బడివాళ్లు వచ్చి, పాఠం చెప్పమని మామయ్యను పిలిచారు. "నువ్వు వెనక నిలబడి వండు, మాట్లాడేది నేను" అన్నాడు అత్తయ్యతో. ఆవిడ కుండలు తోముతూ తలూపింది.

తీరా పాఠం రోజు బడిలో అంతమంది ముందు, "మంట ఎప్పుడు తగ్గించాలంటే..." అని ఆగిపోయి వెనక్కి చూశాడు. అత్తయ్య ముందుకొచ్చి సంచిలోంచి గిన్నె తీసింది. అందులో ఉడికించి చీల్చిన మలుగుచేప, అది ఉడికిన నీళ్లు.

"ఏమే, ఇదేంటి?"

"మా అమ్మ అన్నం. కాస్త జరగండి."

బియ్యం వేయించి, ఆ నీళ్లే పోసి, పైన చేప పరిచి మూత పెట్టింది. "చూడకండమ్మా, వినండి."

గది మొత్తం ఊపిరి బిగబట్టి విన్నది. ఆ రోజే నాకూ ఆ తేడా వినిపించింది.

"ఆంటీ, పుట్టగొడుగులూ, ఎర్రబియ్యం వేయొచ్చా?" ఒకమ్మాయి అడిగింది.

"నీ కుండ, నీ ఇష్టం. ఎర్రబియ్యానికి నీళ్లు ఎక్కువ పొయ్యి, అంతే."

మామయ్య అడుగుపొర గోకి తిన్నాడు, మళ్లీ గోకాడు. కారెక్కాక గొంతు సవరించుకున్నాడు.

"రేపట్నుంచి కొట్లో ఇదీ పెట్టేద్దామా?"

అత్తయ్య కిటికీలోంచి బయటికే చూస్తూ అంది: "పెడదాం. బొగ్గులు రాజేయడం నేర్పుతాను, పొద్దున్నే వచ్చెయ్యండి."